ఆట పెడితే గోలే మిగులుతోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌ని. చేరి ఏడాది దాటింది. ఎనిమిదో తరగతిలో 44 మంది ఉన్నారు. చదవమంటే చదువుతారు, ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి రాసేస్తారు, సొంతంగా ఒక్క వాక్యం మాట్లాడమంటే మాత్రం తల దించుకుంటారు. వీడియోలు చూసి స్పీకింగ్ గేమ్స్ మొదలుపెట్టాను. 'హాట్ సీట్' ఆడించాను, ఒకరి గురించి ఒకరు తెలుసుకునే ఆట ఆడించాను. నలుగురు మాట్లాడతారు, మిగతావాళ్ళు తెలుగులో అరుస్తారు. పక్క క్లాసు లెక్కల సార్ రెండుసార్లు వచ్చి మా తలుపు దగ్గర నిలబడ్డారు. హెచ్‌ఎం గారు 'ఆటలకు పీఈటీ పీరియడ్ ఉంది కదమ్మా' అన్నారు. పోర్షన్ కూడా వెనకబడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఈ ఆటలు మానేయమంటారా, ఇంకోలా చేయమంటారా?

జవాబు: అమ్మా, మానేయొద్దు. కాకపోతే ఇప్పుడు ఆడిస్తున్న ఆటలు మాత్రం ఆపేయండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ పిల్లల్లో లోపం కనిపించలేదు, మీ ఓపికలో అంతకన్నా లేదు. మీరు ఎంచుకున్న ఆటల్లో పిల్లలకు ఇంగ్లిష్ మాట్లాడాల్సిన అవసరమే పడలేదు, అదీ జరిగింది.

హాట్ సీట్ సంగతే చూడండి. ఒక పిల్లాడు బోర్డుకు వీపు పెట్టి కూర్చుంటాడు, వెనక మీరు 'ఎలిఫెంట్' అని రాస్తారు, మిగతా 43 మంది ఆ మాట చెప్పకుండా వాడికి అర్థమయ్యేలా చెప్పాలి. వాళ్ళ ముందున్న పని గెలవడం. 'తొండం రా, తొండం!' అంటే రెండు సెకన్లలో గెలుస్తారు, అదే ఇంగ్లిష్‌లో చెప్పాలంటే నిమిషం పడుతుంది, అయినా చెప్పగలమో లేదో తెలియదు. గెలవాలనుకునే పిల్లలు ఏ దారి పట్టుకుంటారు? తెలుగులో అరిచారంటే ఆట వాళ్ళకు బాగానే నచ్చిందన్నమాట. పైగా ఒకసారికి ఒక్కరే కూర్చునే ఆటలో 44 మందికీ వంతు రావాలంటే 45 నిమిషాల పీరియడ్ మొత్తం వాడినా ఒక్కొక్కరికి నిమిషం దక్కుతుంది. మిగతా 44 నిమిషాలు ఆ పిల్లలు ఏం చేయాలి చెప్పండి, గోల చేయక.

ఇక ఒకరి గురించి ఒకరు తెలుసుకునే ఆట. ఈ పొరపాటు నేనూ చేశాను, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి 'వాట్ ఈజ్ యువర్ నేమ్?' అని అడగమన్నాను. అడగాల్సిన పిల్ల ఎదుటి పిల్లని ఒక్క క్షణం చూసింది, నా వైపు తిరిగింది, 'టీచర్, ఇది మా పెద్దమ్మ కూతురు' అంది. ఆ పూట నాకు బాగా గుర్తుండిపోయింది. ఒకటో తరగతి నుంచి పక్కపక్కన కూర్చున్న పిల్లలు ఒకరి పేరు ఒకరు అడగడం ప్రశ్న ఎలా అవుతుంది? జవాబు ముందే తెలిసిన ప్రశ్నను అడగడం అంటే పాఠం అప్పజెప్పడమే. దాంట్లో వాళ్ళకు ఆసక్తి ఎందుకుండాలి.

కాబట్టి ఏ ఆట చూసినా ముందు ఒక్కటే చూసుకోండి: ఒకరి దగ్గర ఉన్న సంగతి ఇంకొకరి దగ్గర లేకుండా ఉందా, అది అడిగితే తప్ప తెలియకుండా ఉందా? ఉంటేనే ఆడించండి.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, మన దక్షిణాదిలోనే జరిగిన పని. 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు ప్రాంతాల్లో కొన్ని బడుల్లో ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు గారు, ఆయనతో పాటు కొందరు టీచర్లు ఇంగ్లిష్ క్లాసును వ్యాకరణ పాఠాలుగా కాకుండా పనులుగా నడిపి చూశారు. రైలు టైమ్ టేబుల్ ఇచ్చి ఏ రైలు ఎక్కితే ఎప్పటికి చేరతామో తేల్చమనడం, మ్యాపు ఇచ్చి దారి చెప్పమనడం లాంటివి. పని మీద ధ్యాస పెడితే భాష దాంతోపాటే వస్తుందన్నది ఆయన నమ్మకం. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం, ఉన్న వివరాలను బట్టి ఆలోచించి తేల్చాల్సి రావడం, ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉండడం అని మూడు రకాల ఖాళీలు చెప్పారాయన. ఆ ఖాళీ నింపడానికే నోరు తెరవాలి. మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. వీడియోల్లో అందరూ పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టేయమంటారు కదా, ప్రభు గారు గుంపుల జోలికి పోలేదు. ముందు టీచరే తరగతి మొత్తంతో కలిసి ఒక పని చేయించాలి, ఆ తరవాత అలాంటిదే ఇంకో పని పిల్లలు సొంతంగా చేయాలి. పిల్లల్ని పిల్లలకే వదిలేస్తే ఒకరి తప్పులు ఇంకొకరిలో గట్టిపడతాయని ఆయన అనుకున్నారు. నేను గుంపులకు దూరంగా ఉంటాను కానీ జతలు మాత్రం పెడతాను. 44 మంది ఉన్న గదిలో జతలు లేకుండా అందరి నోళ్ళూ ఆడించడం నా వల్ల కాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో మీకే తెలియకుండా ఒక మాట రాశారు, 'ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టి రాసేస్తారు' అని. మన పిల్లలు పదేళ్ళు ఇంగ్లిష్ చదువుతారు, ఆ పదేళ్ళూ జవాబులే చెబుతారు. ప్రశ్న ఎప్పుడూ టీచరుదే, లేకపోతే పుస్తకానిది. 'మే ఐ గో టు టాయిలెట్' తప్ప ఒక్క ప్రశ్న కూడా సొంతంగా అడగకుండా పదో తరగతి దాటిన పిల్లలు నాకు వందల్లో తెలుసు. ఇంగ్లిష్‌లో మనవాళ్ళు ఎక్కువగా తడబడేదీ సరిగ్గా ప్రశ్న దగ్గరే. తెలుగులో ప్రశ్న చేయడం ఎంత సులువో చూడండి. 'బస్సు వచ్చింది' అన్నదాన్ని 'బస్సు వచ్చిందా?' అంటే చాలు, చివర ఒక్క దీర్ఘం. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఎక్కడా లేని 'డు', 'డజ్', 'డిడ్' తెచ్చి ముందు పెట్టాలి, అది పెట్టగానే క్రియకున్న 'ఎస్' తీసేయాలి, 'వెంట్' కాస్తా 'గో' అయిపోవాలి. మన భాషలో ఈ పనే లేదు కాబట్టి పిల్లలు 'యూ కమ్ టుమారో?' అంటారు, కాస్త చదివినవాళ్ళు 'డిడ్ యూ వెంట్?' అంటారు. ఇది సూత్రం చెబితే పోయే తప్పు కాదు. నోరు తిరగాలి, వందసార్లు అడగాలి. అందుకే నా సలహా ఒక్క ముక్కలో చెప్పాలంటే, పిల్లలు జవాబు చెప్పే ఆటలు పక్కన పెట్టి, పిల్లలు ప్రశ్న అడిగే ఆటలు పట్టుకోండి. మూడు ఆటలు చెబుతాను, ఈ ఏడాదికి అవి చాలు.

మొదటిది బస్సుల ఆట. మీ ఊరి బస్టాండుకో దగ్గర్లో ఉన్న డిపోకో వెళ్ళి ఎనిమిది బస్సుల సమయాలు రాసుకు రండి, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపూర్, హైదరాబాద్, ఇలా పిల్లలు ఎక్కి తిరిగేవే. రెండు రకాల కార్డులు తయారుచేయండి. రెండింటిలోనూ ఎనిమిది ఊర్ల పేర్లూ ఉంటాయి, కానీ 'ఎ' కార్డులో నాలుగు సమయాలే ఉంటాయి, 'బి' కార్డులో మిగతా నాలుగు. జతలో ఒకరికి 'ఎ', ఇంకొకరికి 'బి'. ఖాళీలు నింపుకోవాలి. 'వాట్ టైమ్ డజ్ ద కొల్లాపూర్ బస్ లీవ్?' 'ఇట్ లీవ్స్ ఎట్ సెవెన్ ఫిఫ్టీన్.' బోర్డు మీద ఈ రెండు వాక్యాలూ పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి, చూసి అడిగినా తప్పులేదు. కార్డు చూపించుకోకూడదు, అదొక్కటే రూలు. ఒకే బెంచీ మీద కూర్చుంటే చూసేస్తారు, మధ్యలో స్కూలు బ్యాగు నిలబెట్టించండి, లేదా ముందు బెంచీ వాళ్ళను వెనక్కి తిప్పి కూర్చోబెట్టండి.

ఒక్కసారి లెక్క వేయండి. ఒక్కో పిల్ల నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, నాలుగు జవాబులు చెబుతుంది. 44 మంది కలిసి ఎనిమిది పది నిమిషాల్లో 176 ప్రశ్నలు. మీ హాట్ సీట్‌లో పీరియడ్ మొత్తంలో ఎన్ని వాక్యాలు వచ్చాయో గుర్తు చేసుకోండి. 'డజ్... లీవ్' అన్నది ప్రశ్నలో, 'లీవ్స్' అన్నది జవాబులో, ఆ తేడా వాళ్ళ నోటికి తగులుతూనే ఉంటుంది, మీరు సూత్రం చెప్పకుండానే.

జతలకు వదలకముందు మాత్రం మీరు 'ఎ' కార్డు పట్టుకుని, 'బి' కార్డు క్లాసు మొత్తానికీ ఇచ్చి, అందరి ముందూ ఒకసారి ఆడి చూపించండి. ప్రభు గారి దగ్గర నేర్చుకోవాల్సిందని నేను చెప్పింది ఇదే. మీ ఆటల్లో మొదటి రెండు నిమిషాల్లోనే గోల మొదలైందంటే, ఏం చేయాలో సగం మందికి అర్థం కాలేదన్నమాట.

ఇదే ఆటను వచ్చే వారం కూడా ఆడించండి. కార్డులు మార్చండి, ఆట మార్చకండి. అంగడిలో కూరగాయల ధరలు పెట్టండి, 'హౌ మచ్ డు టొమాటోస్ కాస్ట్?', 'హౌ మచ్ డజ్ ఎ కాలీఫ్లవర్ కాస్ట్?' అని. అక్కడ 'డు', 'డజ్' రెండూ వస్తాయి. రోజుకో కొత్త ఆట పెట్టాలన్న తాపత్రయం మనకే, పిల్లలకు కాదు. అష్టాచెమ్మా ఎన్ని వందలసార్లు ఆడారో వాళ్ళనే అడగండి. కొత్త ఆటలో పిల్లల తెలివంతా రూల్స్ అర్థం చేసుకోవడానికే పోతుంది, తెలిసిన ఆటలోనే మాట మీదకు వస్తుంది.

రెండో ఆట నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. మన చిన్నప్పటి 'వీరీ వీరీ గుమ్మడిపండు వీరి పేరేమి' గుర్తుందా? కళ్ళు మూసుకున్న పిల్లని ఎవరో వచ్చి తాకి వెళ్తారు, ఎవరో కనిపెట్టాలి. దాన్నే ఇంగ్లిష్‌లో పెట్టుకోండి. ఒక పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టండి, బోర్డు వైపు తిరిగి కళ్ళు మూసుకుంటాడు. మీరు చప్పుడు కాకుండా క్లాసులో ఒకరి వైపు వేలు చూపిస్తారు. కూర్చున్నవాడు పది ప్రశ్నల్లో అది ఎవరో పట్టుకోవాలి. 'ఈజ్ ఇట్ ఎ గర్ల్?' 'డజ్ షీ సిట్ ఇన్ ద ఫస్ట్ రో?' 'డజ్ షీ కమ్ బై బస్?' 'డజ్ షీ లైక్ మ్యాథ్స్?' జవాబు ఒక్కరు కాదు, క్లాసంతా కలిసి చెప్పాలి, ఉత్త 'నో' అంటే లెక్కలోకి రాదు, 'నో, షీ డజన్ట్' అనాలి. అలా మిగతా 43 మందికీ పని ఉంటుంది, అందరూ ఒకే మాట అంటారు కాబట్టి అరుపుల్లా కూడా ఉండదు.

మా స్కూల్లో తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు, హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్' కూడా గొంతులోనే అనేవాడు. ఒకరోజు ఈ ఆటలో ముందు కూర్చునే వంతు వాడికి వచ్చింది. కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. నేను ఊరుకున్నాను, పిల్లల్ని కూడా ఊరుకోమని వేలు పెట్టి చూపించాను. అర నిమిషం అలాంటి నిశ్శబ్దం అంటే టీచరుకు చాలా పెద్దది, నోరు దురదపెడుతుంది, అయినా ఆగాలి. చివరికి 'హీ కమ్ ఆటో?' అన్నాడు. తప్పు అని నేను అనలేదు. క్లాసుతో పాటు నేనూ నెమ్మదిగా 'నో, హీ డజన్ట్ కమ్ బై ఆటో' అన్నాను. వాడు కళ్ళు మూసుకునే ఉన్నాడు కాబట్టి ఎవరి మొహాలూ కనిపించవు, అది వాడికి మేలే చేసింది. పెదాలు కదిపాడు, లోపల అనుకుంటున్నాడని తెలుస్తోంది. 'డజ్ హీ కమ్ బై సైకిల్?' అన్నాడు తరవాత. పూర్తి వాక్యం, సరైన వాక్యం. 'ఎస్, హీ డజ్!' అని క్లాసు అరిచిన అరుపు అవతలి బ్లాకుకు వినిపించి ఉంటుంది. ఆ ఒక్క అరుపును మాత్రం నేను ఆపలేదు.

ఈ ఆటలో ఒక జాగ్రత్త, దీన్ని మీరు తేలిగ్గా తీసుకోవద్దని నా ప్రార్థన. వదిలేస్తే పిల్లలు 'ఈజ్ షీ ఫ్యాట్?', 'ఈజ్ హీ బ్లాక్?' అని అడుగుతారు. ఎనిమిదో తరగతి ఆడపిల్ల ఒకసారి అలా నవ్వులపాలైతే ఆ ఏడాదంతా నోరు విప్పదు. ఒంటి గురించి, రంగు గురించి, కులం గురించి, ఇంటి గురించి ప్రశ్నలు ఉండవని మొదటిరోజే గట్టిగా చెప్పండి. బట్టల మీద ప్రశ్నలు ఎలాగూ పనికిరావు, అందరిదీ ఒకే యూనిఫామ్. చెప్పుల గురించి అడగనివ్వకండి, అందరికీ ఉండవు. కూర్చునే చోటు, ఎలా వస్తారు, ఏ సబ్జెక్టు ఇష్టం, ఏ ఆట ఆడతారు, ఏం తింటారు, ఎవరితో కూర్చుంటారు, ఇవి చాలు.

మూడోది దొంగ–పోలీసు. చీటీలు వేసి ఆడే ఆట పిల్లలకు తెలిసిందే, దాన్ని కాస్త పెద్దది చేయాలి. నిన్న సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య స్కూల్లో బంతి పోయిందని చెప్పండి. చీటీల్లో దొంగలుగా వచ్చిన ఇద్దరూ వరండాలోకి వెళ్ళి, ఆ రెండు గంటలూ మేమిద్దరం కలిసే ఉన్నామని ఒక కథ అల్లుకుని రావాలి. ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆలోపు లోపల ఉన్నవాళ్ళు బెంచీకి మూడు ప్రశ్నల చొప్పున రాసుకుంటారు. 'వేర్ డిడ్ యూ గో?' 'వాట్ డిడ్ యూ ఈట్?' 'హూ పెయిడ్ ద మనీ?' 'హౌ డిడ్ యూ కమ్ బ్యాక్?' ఒక దొంగను లోపలికి పిలిచి అడుగుతారు, జవాబులు రాసుకుంటారు. వాడు ఒక మూల కూర్చుంటాడు, రెండోవాణ్ణి పిలిచి మళ్ళీ అవే ప్రశ్నలు. ఒకడు 'వుయ్ ఏట్ మిర్చీ' అంటాడు, రెండోవాడు 'వుయ్ ఏట్ సమోసా' అంటాడు, దొరికిపోయారు. కథలో రెండు తేడాలు దొరికితే పోలీసులు గెలిచినట్టు. ఈ ఆటలో 'డిడ్ యూ వెంట్' అన్న తప్పు బెంచీ బెంచీకీ వినిపిస్తుంది, వినిపించనివ్వండి, దాని సంగతి తరవాత చెబుతాను. ఇది కాస్త కష్టమైన ఆట, మొదటి రెండూ బాగా అలవాటయ్యాక, దసరా సెలవుల తరవాత మొదలుపెట్టండి.

తెలుగు మాట్లాడేస్తున్నారని రాశారు. తెలుగు మాట్లాడితే జరిమానా, బెంచీ ఎక్కించడం, అలాంటివేవీ వద్దు. దయచేసి వద్దు. కథ అల్లుకునేటప్పుడు, ప్రశ్నలు ఆలోచించుకునేటప్పుడు తెలుగులో మాట్లాడుకోనివ్వండి, నోటితో అడిగే ప్రశ్న మాత్రం ఇంగ్లిష్‌లో ఉండాలి. గీత అక్కడ గీయండి, పిల్లలకు అర్థమవుతుంది. గోడ మీద ఒక అట్ట అంటించండి, 'హౌ డు యూ సే డాష్ ఇన్ ఇంగ్లిష్?' అని. మాట తెలియనప్పుడు ఇది అడగాలి. ఇది కూడా ప్రశ్నే, దీంట్లో కూడా 'డు' ఉంది, రోజుకు ఇరవైసార్లు అడిగినా మంచిదే. మీది నాగర్‌కర్నూల్ జిల్లా కాబట్టి ఇంకో మాట. మీ క్లాసులో తండాల నుంచి వచ్చే పిల్లలు ఉంటారు, అమ్రాబాద్ వైపైతే చెంచు పెంటల నుంచి వచ్చేవాళ్ళు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు కూడా ఉండొచ్చు. తండా పిల్లకు తెలుగే బళ్ళో నేర్చుకున్న భాష, ఇంగ్లిష్ మూడోది. ఆ పిల్ల మౌనంగా ఉంటే రాదని అనుకోకండి, ఆమె ఇప్పటికే ఒక భాష నేర్చుకుని వచ్చింది.

నలుగురే మాట్లాడుతున్నారన్న దానికి చింతగింజలు పనిచేస్తాయి. ఆట మొదలయ్యే ముందు అందరికీ తలా మూడు గింజలు ఇవ్వండి. ఒక ప్రశ్న అడిగితే ఒక గింజ డబ్బాలో వేయాలి. మూడూ అయిపోయినవాళ్ళు మిగతావాళ్ళ గింజలు అయ్యేదాకా అడగకూడదు. గలగలా మాట్లాడే ఆ నలుగురూ రెండు నిమిషాల్లో ఖాళీ అయిపోతారు, అప్పుడు వాళ్ళే పక్కవాళ్ళ చెవిలో 'ఇది అడుగు, ఇది అడుగు' అని అందిస్తారు. అందించనివ్వండి, వాళ్ళు టీచర్లయినట్టే. భయపడే పిల్లలకు ముందు రాసుకునే టైమ్ ఇవ్వండి, మొదటి నెల చూసి చదివినా ఒప్పుకోండి. అసలు అడగలేని పిల్ల ఉంటే టైమ్ చూసే పని ఇవ్వండి, 'టైమ్ ఈజ్ అప్', 'హూ ఈజ్ నెక్స్ట్?' అని చెప్పాలి. రెండు వాక్యాలు, రోజూ అవే, కానీ క్లాసంతా ఆమె మాట వింటుంది.

తప్పులు దిద్దడం గురించి. ఆట నడుస్తుండగా దిద్దొద్దు. చిన్న నోట్‌బుక్ పట్టుకుని బెంచీల మధ్య తిరగండి, చెవిన పడ్డ తప్పులు రాసుకోండి. చివరి ఐదు నిమిషాల్లో మూడే మూడు వాక్యాలు, ఎవరు అన్నారో చెప్పకుండా, బోర్డు మీద రాయండి. దిద్దేది పిల్లలే. ఆరోజు ఆటలో ఏ ప్రశ్న ఉందో ఆ ప్రశ్నకు సంబంధించిన తప్పులే ఎంచుకోండి, ఆర్టికల్స్ అన్నీ, ప్రిపోజిషన్లు అన్నీ ఒకే రోజు దిద్దాలని కూర్చుంటే ఏదీ మిగలదు. 'బస్' అనకుండా 'బస్సు' అంటారు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ నాలుక అలా అలవాటుపడింది. దానికి వేరే రోజు పెట్టుకోండి, ఆటలో ముట్టుకోకండి.

గోల విషయంలో మీరు నిజాయితీగా రెండు గోలల్ని విడదీసి చూడండి. 22 జతలు ఒకేసారి మాట్లాడితే చప్పుడు ఉంటుంది, అది తగ్గదు, తగ్గకూడదు. కానీ పీరియడ్ మొత్తం ఆట వద్దు. వారానికి రెండు రోజులు, రోజుకు 15 నిమిషాలు, అదీ పాఠం చివర్లో. చేయి పైకెత్తితే అందరూ చేతులెత్తి ఆగిపోవాలి అన్న ఒక్క గుర్తును ఆట మొదలుపెట్టకముందే నాలుగైదుసార్లు ప్రాక్టీసు చేయించండి. ఎండ లేని పూట చెట్టు కిందకు తీసుకెళ్ళండి. లెక్కల సార్‌తో మీరే ముందుగా మాట్లాడండి, 'సార్, మంగళ, శుక్రవారాల్లో చివరి పావుగంట కాస్త చప్పుడు ఉంటుంది, ఆ టైమ్‌లో మీరు పిల్లలతో లెక్కలు చేయించే పని పెట్టుకుంటే బాగుంటుంది' అని. మనిషి తలుపు దగ్గరకు రాకముందే మనం వెళ్ళి చెబితే అదొక మర్యాద, చాలావరకు సర్దుకుంటారు. హెచ్‌ఎం గారిని గుమ్మడిపండు ఆటకు పిలవండి, పిలిచి ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టండి. ఇది నేను చేశాను. మా హెచ్‌ఎం గారు మా పిల్లల్ని పది ప్రశ్నలు అడిగారు, పిల్లలు పూర్తి వాక్యాల్లో జవాబు చెప్పారు, తరవాత ఆటలు ఎందుకని నన్నెవరూ అడగలేదు.

పోర్షన్ గురించి భయం న్యాయమైనదే. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్ష, అక్కడ ఎవరూ మాట్లాడమని అడగరు. కానీ మీది ఎనిమిదో తరగతి, ఇంకా టైమ్ ఉంది. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే ఏడాది మధ్యలో బళ్ళోనే వేసే మార్కులు) మార్కుల్లో పిల్లల భాగస్వామ్యానికి వాటా ఉంది కదా, ఆ మార్కులు నోట్సు చూసి వేయకుండా ఈ ఆటలు చూసి వేయండి. పాఠాన్ని కూడా ఆటలోకి తెచ్చుకోవచ్చు, పాఠంలోని మనిషిగా ఒక పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి మిగతావాళ్ళను ప్రశ్నలు అడగమంటే పాఠం చివర ఉండే ప్రశ్నలన్నీ వాళ్ళే అడిగేస్తారు. అప్పుడు అవి మళ్ళీ రాయించడానికి సగం టైమ్ చాలు.

సోమవారానికి మీకు కావాల్సినవి 22 'ఎ' కార్డులు, 22 'బి' కార్డులు. జిరాక్సుకు డబ్బు పెట్టకండి. ఇంట్లో పాత పెళ్ళిపత్రికలు ఉంటాయి, ఒకవైపు ఖాళీగా గట్టిగా ఉంటాయి, పిల్లల చేతనే రాయించండి, నాలుగైదుసార్లు ఆడినా చిరగవు. ఒకరోజు కార్డులు రాసుకోవడానికే పోతుంది, పోనివ్వండి. మూడు వారాలు ఆడించాక, ఏ ప్రశ్న దగ్గర పిల్లలు ఎక్కువగా ఆగిపోతున్నారో మీ నోట్‌బుక్‌లో చూసి నాకు రాయండి. దానికి తగ్గట్టు తరవాతి కార్డులు ఎలా ఉండాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.